ఒకటి వేసి ఊకుంటే సాలదా? ప్రాధాన్య ఓటుపై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఓటర్ల ప్రశ్నలు

ఈ మూడు జిల్లాల్లో డిగ్రీ పాసైనవాళ్ల చేతిలో రెండు రకాల ఓట్లున్నాయి. సర్పంచ్ ఎన్నికలో ముద్ర గుద్దుతాం, ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో మీట నొక్కుతాం. శాసనమండలి పట్టభద్రుల ఎన్నికలో మాత్రం పెన్ను పట్టి 1, 2, 3 అని అంకెలు వేయాలి. చాలామంది ఈ ఓటును కూడా మీట నొక్కినట్టే వాడి వస్తున్నారు: 1 వేసి కాగితం మడిచేస్తారు. దానివల్ల ఏం పోతుందో తెలియాలంటే మామూలు ఓటు, రెండో విడత పోటీ, ప్రాధాన్య ఓటు అనే మూడు పద్ధతులనూ, వీలైనంతవరకు మన దగ్గరి ఫలితాలతోనే, పక్కపక్కన పెట్టి చూడాలి.

మామూలు ఎన్నికలో గెలవడానికి ఎంత శాతం ఓట్లు రావాలి?

ఇంత శాతం రావాలన్న నియమం ఎక్కడా లేదు. పోటీలో ఉన్న మిగతావాళ్లందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. ఇద్దరే పోటీపడితే గెలిచినవాడికి సగానికి మించే వస్తాయి. ముగ్గురు నలుగురు గట్టివాళ్లు దిగితే పావు వంతుకు కాస్త పైన ఉన్నా ఎమ్మెల్యే అయిపోవచ్చు.

దీనికి కల్వకుర్తి కంటే మంచి పాఠం మన పక్కన లేదు. 2014 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి చల్లా వంశీచంద్ రెడ్డికి 42,782, బీజేపీ అభ్యర్థి తల్లోజు ఆచారికి 42,704 ఓట్లు వచ్చాయి. తేడా 78. మూడో స్థానంలో టీఆర్ఎస్ నుంచి జైపాల్ యాదవ్, నాలుగో స్థానంలో స్వతంత్రుడిగా కసిరెడ్డి నారాయణరెడ్డి నిలిచారు. ఈ ఇద్దరికి పడ్డ ఓట్లు కలిపితే గెలిచినాయన ఓట్లను దాటిపోతాయి. 2018లో జైపాల్ యాదవ్ గెలిచారు, ఆచారి 3,447 ఓట్ల తేడాతో మళ్లీ రెండో స్థానం, వంశీచంద్ మూడో స్థానం. 2023లో కాంగ్రెస్ తరఫున కసిరెడ్డి గెలిచారు, ఆచారికి 5,410 ఓట్ల తేడాతో ముచ్చటగా మూడోసారి రెండో స్థానం. పదేళ్లలో ఒకే నియోజకవర్గంలో, దాదాపు అవే పేర్లు కుర్చీలు మార్చుకున్నాయి. ఆ ఓటర్లలో సగానికి పైగా ఎవరిని ఒప్పుకునేవాళ్లన్నది మాత్రం మూడు ఎన్నికల్లో ఒక్కసారీ తేలలేదు. ఈ పద్ధతి ఆ ప్రశ్న అడగదు మరి.

ఎంపీ ఎన్నికలోనూ అంతేనా?

అంతే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, కొల్లాపూర్, అచ్చంపేట, అలంపూర్ కలిసి నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం. 2024లో ఇక్కడ మల్లు రవి (కాంగ్రెస్) 94,414 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. బీజేపీ నుంచి భరత్ ప్రసాద్ రెండో స్థానం, బీఆర్ఎస్ నుంచి ఆర్ఎస్ ప్రవీణ్ కుమార్ మూడో స్థానం. తొంభై నాలుగు వేల ఆధిక్యం ఘనమైనదే కానీ, పోలైన ఓట్లలో ఆయన వాటా సగానికి చాలా దిగువనే ఉంది. పక్క మహబూబ్‌నగర్ స్థానంలో అదే ఏడాది గద్వాల నాయకురాలు డీకే అరుణ 4,500 ఓట్ల తేడాతో వంశీచంద్ రెడ్డిని ఓడించారు. అక్కడ మూడో స్థానంలో ఉన్న బీఆర్ఎస్ అభ్యర్థికి లక్షన్నరకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ లక్షన్నర మందినీ "మిగతా ఇద్దరిలో ఎవరైతే మేలు?" అని ఎవరూ అడగలేదు.

ఈ పద్ధతి తప్పని నా ఉద్దేశం కాదు. ఒక మీట, ఒక రోజు, మధ్యాహ్నానికల్లా ఫలితం. అక్షరం రానివాళ్లకు కూడా గుర్తు చూస్తే చాలు. ఇవి చిన్న సుగుణాలు కావు. ఓటు చీలికకు మాత్రం దీని దగ్గర మందు లేదు.

ఎవరికీ సగం రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెట్టవచ్చు కదా?

దాన్నే రెండో విడత పోటీ అంటారు. మన చట్టంలో ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలకు అది లేదు. మన దగ్గర రీపోలింగ్ అంటే వేరు: యంత్రం చెడిపోవడమో, గొడవ జరగడమో వంటి కారణంతో ఆ బూత్ వరకు మళ్లీ ఓటు వేయిస్తారు. అభ్యర్థులంతా అలాగే ఉంటారు.

బయటి దేశాల్లో ఉంది. మనవాళ్లు చాలామంది ఉండే అట్లాంటా వైపు, అంటే అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోలింగ్ జరుగుతుంది. 2020 నవంబరులో సెనేట్ పోటీలో డేవిడ్ పెర్డ్యూకు 49.7 శాతం వచ్చింది, ముందున్నాడు. మన లెక్కలో గెలిచినట్టే. అక్కడి లెక్కలో గెలవలేదు. 2021 జనవరి 5న మళ్లీ ఓటు వేయిస్తే జాన్ ఆసాఫ్ చేతిలో ఓడిపోయాడు.

రెండో విడతలో మంచి ఉంది. ఇద్దరే మిగులుతారు, జనం మళ్లీ ఆలోచించుకుంటారు, గెలిచినవాడికి సగం కచ్చితంగా ఉంటుంది. లోపమంతా మొదటి విడతలోనే దాక్కుని ఉంది. ఫ్రాన్స్‌లో 2002 అధ్యక్ష ఎన్నికలో వామపక్ష ఓట్లు అనేకమంది మధ్య చీలి, ప్రధానిగా ఉన్న లియోనెల్ జోస్పాఁ సుమారు 16 శాతంతో మూడో స్థానానికి పడిపోయాడు. 17 శాతానికి కాస్త తక్కువ వచ్చిన తీవ్ర మితవాది లె పెన్ రెండో విడతకు వెళ్లాడు. వెళ్లి, మొదటి స్థానంలో ఉన్న షిరాక్ చేతిలో చిత్తుగా ఓడాడు. జోస్పాఁ ఉంటే ఏమయ్యేదో అడిగే వీలు ఆ పద్ధతిలో లేకుండా పోయింది.

ఖర్చు సంగతి వేరే చెప్పాలా? నల్లమల లోపలి చెంచు పెంటల దాకా పోలింగ్ సిబ్బందిని ఒక్కసారి పంపడానికే యంత్రాంగం ఆయాసపడుతుంది. రెండు వారాల్లో ఇంకోసారి అంటే సిబ్బంది, బలగాలు, బళ్లకు సెలవులు అన్నీ మళ్లీ. పుణేకో ముంబైకో వలస పోయిన పాలమూరు కూలీ ఓటు కోసం ఒకసారి బస్సెక్కి వస్తాడు. రెండోసారి వస్తాడని నాకు నమ్మకం లేదు.

మరి ప్రాధాన్య ఓటు ఏం చేస్తుంది?

ఆ రెండో విడతను అదే రోజు, అదే కాగితం మీద పెట్టేస్తుంది. పెబ్బేరు సంతకు పోతున్న అన్నకు మనం చెప్పి పంపే మాటే ఇది: "ఆ మైలెద్దుల జత పట్టుకురా, అది అమ్ముడుపోతే తెల్లవాటిని చూడు, అవీ లేకపోతే కుర్రజతైనా సరే." మనం సంతలో లేకపోయినా మన మాట అక్కడ నడుస్తూనే ఉంటుంది.

కాగితం మీద మీకు అందరికంటే ఇష్టమైనవారికి 1, వారు పోటీ నుంచి తొలగిపోతే ఎవరికి చేరాలో వారికి 2, ఆ తర్వాత 3. లెక్కింపులో ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవారిని తొలగించి, ఆ కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికుందో వారికి చేరుస్తారు. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతారు.

ఈ ఓటు మాకు ఎక్కడ ఉంది?

శాసనమండలి ఎన్నికల్లో. రాజ్యాంగంలోని 171వ అధికరణం మండలి సభ్యులు ఎలా రావాలో చెబుతుంది. తెలంగాణ మండలిలో 40 మంది: ఎమ్మెల్యేలు ఎన్నుకునేవారు 14, స్థానిక సంస్థల నుంచి 14, పట్టభద్రులు 3, ఉపాధ్యాయులు 3, గవర్నర్ నామినేట్ చేసేవారు 6. ఎన్నికయ్యేవారంతా ప్రాధాన్య ఓటుతోనే ఎన్నికవుతారు.

మన మూడు జిల్లాలూ మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల నియోజకవర్గంలోకి వస్తాయి. ఉపాధ్యాయుల స్థానం కూడా అదే పేరుతో వేరుగా ఉంది. అయిజలో ఓటు వేసినా, అమ్రాబాద్‌లో వేసినా, అమీర్‌పేటలో వేసినా ఒకే సభ్యుడికి. సంఖ్యాబలం నగరానిదే. అందుకే మన వైపు ఓటరు తన కాగితాన్ని మధ్యలో ఆగిపోనివ్వకుండా చివరి లెక్క దాకా నడిపించుకోవడం ఇంకా అవసరం.

2021లో ఏం జరిగింది? అన్ని రోజులు ఎందుకు లెక్కపెట్టారు?

ఆ ఎన్నికను కాస్త నెమ్మదిగా చూడాలి. ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి.

93 మంది అభ్యర్థులు. బ్యాలెట్ కాగితం దినపత్రికంత, దానికి తగ్గ జంబో పెట్టెలు. మార్చి 14న పోలింగ్. పెట్టెలన్నీ హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియానికి చేరాయి. 17న మొదలైన లెక్కింపు 20న గానీ ముగియలేదు.

పోలైనవి 3,58,348. అందులో 21,309 చెల్లలేదు. మిగిలిన 3,37,039 ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపితే 1,68,520. దీన్నే కోటా అంటారు. టీవీల్లో మ్యాజిక్ ఫిగర్ అనేది ఇదే.

మొదటి ప్రాధాన్యంలో టీఆర్ఎస్ అభ్యర్థి సురభి వాణీదేవికి 1,12,689, బీజేపీ అభ్యర్థి ఎన్. రామచందర్‌రావుకు 1,04,668, స్వతంత్రుడు ప్రొఫెసర్ కె. నాగేశ్వర్‌కు 53,610, వనపర్తికి చెందిన మాజీ మంత్రి, కాంగ్రెస్ అభ్యర్థి జి. చిన్నారెడ్డికి 31,554. ఎవరూ కోటా దరిదాపుల్లో లేరు. ఇక కింద నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ వచ్చారు. చిన్నచిన్న ఓట్లవాళ్లంతా పోయాక చిన్నారెడ్డి, ఆ తర్వాత నాగేశ్వర్ తొలగిపోయారు. ఇద్దరే మిగిలారు: వాణీదేవికి 1,49,269, రామచందర్‌రావుకు 1,37,566.

ఇద్దరే మిగిలినా కోటా ఎవరికీ అందలేదు, చూశారా? ఇద్దరివీ కలిపితే 2,86,835. చెల్లిన ఓట్లు 3,37,039. సుమారు యాభై వేల కాగితాలు దారిలో ఆగిపోయాయి. వాటి మీద 1 ఉంది, కొన్నిటి మీద 2 ఉంది, చివరి ఇద్దరిలో ఎవరి పక్కనా అంకె లేదు. ఆ యాభై వేలమందీ తమకు ఇష్టమైనవారికి ఓటు వేశారు గానీ, అసలు పోటీ ఆ ఇద్దరి మధ్యకు వచ్చేసరికి నోరు మూసుకున్నారు. ఇద్దరి తేడా 11,703 మాత్రమే. చివరికి నిబంధన ప్రకారం రామచందర్‌రావును కూడా తొలగించి, ఆయన కాగితాల మీది తర్వాతి అంకెలు చేర్చాక వాణీదేవి కోటా దాటారు.

వనపర్తిలో చిన్నారెడ్డికి 1 వేసి ఆగిన పట్టభద్రుడు ఈ మొత్తం కథలో తొందరగానే బయటికి వచ్చేశాడు. అలా ఆగే హక్కు అతనికి ఉంది. ఆగితే ఏమవుతుందో తెలిసి ఆగాడా అన్నదే నా అనుమానం.

రెండో ప్రాధాన్యం ఇస్తే నేను 1 వేసినాయనకు దెబ్బ కాదా? ఒకటి వేసి ఊకుంటే సాలదా?

దెబ్బ కాదు. ఒకే సీటున్న ఎన్నికలో మీ 1 పోటీలో ఉన్నంతసేపు మీ 2 వైపు ఎవరూ చూడరు. ఆయన తొలగిపోయిన తర్వాతే దాని వంతు వస్తుంది. అప్పుడు ఆయనకు దాంతో లాభం లేదు, నష్టం అంతకంటే లేదు. చేరినచోట అది సగం ఓటుగానో పావు ఓటుగానో కాదు, నిండు ఓటుగానే చేరుతుంది.

"నాకు 1 వేసి ఆగండి, ఇంకెవరికీ వేయకండి" అని అభ్యర్థుల మనుషులు చెబుతుంటారు. ఆ మాట వింటే ఆయనకు ఒక్క ఓటు కూడా పెరగదు. మీ కాగితం మాత్రం కురచ అవుతుంది. చట్టపరంగా 1 ఒక్కటే తప్పనిసరి, మిగతావి మీ ఇష్టం. ఓర్చుకోలేనివారికి అంకె ఇవ్వకుండా వదిలేయవచ్చు. నా సలహా అడిగితే, గెలిచే అవకాశమున్న ఇద్దరు ముగ్గురిలో కనీసం ఒకరి పక్కన ఏదో ఒక అంకె ఉండేలా చూసుకోండి, అది ఆరైనా సరే.

రెండో ప్రాధాన్యంతో ఫలితం తారుమారైన సందర్భం ఉందా?

తుంగభద్ర దాటితే చాలు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో, అంటే ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో, మొదటి ప్రాధాన్యం పూర్తయ్యేసరికి వైఎస్సార్‌సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి స్వల్ప ఆధిక్యంలో ఉన్నారు. మీట నొక్కే ఎన్నికైతే కథ అక్కడే ముగిసేది. మిగతావాళ్లను తొలగించుకుంటూ వెళ్లేసరికి టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రామగోపాల్‌రెడ్డి 7,543 ఓట్ల తేడాతో గెలిచారు. పోలింగ్‌కు ముందే టీడీపీ, వామపక్షాలు బలపరిచే పీడీఎఫ్ రెండో ప్రాధాన్యం ఒకరికొకరు వేయించుకోవాలని తమవాళ్లను కోరాయి. పొత్తు పెట్టుకోకుండా, సీటు వదులుకోకుండా ఇచ్చిపుచ్చుకోవడం ఈ పద్ధతిలోనే కుదురుతుంది.

ముందున్నవాడే గెలిచినా రెండో ప్రాధాన్యం ఎంత ఉత్కంఠ పుట్టిస్తుందో 1969 రాష్ట్రపతి ఎన్నిక చెబుతుంది. పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య: వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువైన ఓట్లు. కోటా 4,18,169. మిగతావాళ్ల ఓట్లు పంచేసరికి సంజీవరెడ్డికి తొంభై వేలకు పైగా కలిశాయి, గిరికి పద్దెనిమిది వేల చిల్లరే. అయినా గిరి 4,20,077తో గట్టెక్కారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. దాదాపు ఎనభై ఎనిమిది వేల ఆధిక్యం పదిహేను వేల లోపుకు కరిగింది.

కాగితం మీద ఎట్లా వేయాలి? ఎట్లా వేస్తే చెల్లదు?

పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్‌తోనే వేయాలి. జేబులోని పెన్ను తీయొద్దు. అభ్యర్థి పేరు, ఫొటో ఉంటాయి, పార్టీ గుర్తులు ఉండవు. కాబట్టి ఎవరి పేరు ఎన్నో వరుసలో ఉందో ముందే చూసుకుపోతే 90 పేర్ల మధ్య వెతుకులాట తప్పుతుంది.

అంకె మాత్రమే వేయాలి. 1 అని గానీ, రోమన్ అంకెతో గానీ, తెలుగు ౧ గానీ చెల్లుతుంది. "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. టిక్కు, ఇంటూ, ముద్ర పనికిరావు. 1 అసలు లేకపోయినా, ఇద్దరికి వేసినా, ఒకే పేరు పక్కన 1తో పాటు ఇంకో అంకె వేసినా ఓటు పోయినట్టే. సంతకం పెట్టినా, పేరు రాసినా, "జై ఫలానా" అన్నా, ఓటరెవరో తెలిసే గుర్తు పడితే తీసి పక్కన పెడతారు. 1, 2 వేసి 3 మరిచి 4 వేస్తే ఓటు మొత్తం పోదు, 2 దాకా నడిచి ఆగుతుంది.

2021లో చెల్లని 21,309 అంటే నూటికి దాదాపు ఆరు. డిగ్రీ ఉన్నవాళ్లకే హక్కున్న ఎన్నికలో! అక్షరం రాని అవ్వలు మీట నొక్కే ఎన్నికలో ఇన్ని తప్పులు చేయరు. ఇది చదువు లోపం అనను, ఆరేళ్లకోసారి వచ్చే కాగితాన్ని ఎలా వాడాలో నేర్పే ఓపిక ఎవరికీ లేకపోవడం.

ఎంపీటీసీలు, కౌన్సిలర్లు వేసేది కూడా ఇదేనా?

ఇదే. స్థానిక సంస్థల స్థానంలో ఎంపీటీసీ, జెడ్పీటీసీ సభ్యులు, మున్సిపల్ కౌన్సిలర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు ఓటర్లు. మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఉప ఎన్నిక 2024 మార్చి 28న జరిగింది. కసిరెడ్డి కల్వకుర్తి ఎమ్మెల్యే కావడంతో ఖాళీ అయిన సీటు అది. పోలైన 1,437లో 21 చెల్లలేదు, కోటా 709. బీఆర్ఎస్ అభ్యర్థి నవీన్‌కుమార్ రెడ్డికి 762, కాంగ్రెస్ అభ్యర్థి మన్నె జీవన్‌రెడ్డికి 653, స్వతంత్రుడికి ఒకటి. మొదటి లెక్కలోనే తేలిపోయింది. అసలు పోటీ ఇద్దరి మధ్యే ఉంటే ప్రాధాన్య ఓటుకూ మామూలు ఓటుకూ తేడా ఉండదు. ఓట్లతో గెలిచివచ్చిన ప్రజాప్రతినిధుల్లో 21 మందివి చెల్లకపోవడం మీద వ్యాఖ్య అనవసరం.

ఉపాధ్యాయుల స్థానంలో మాత్రం సంఘాల పోటీ వల్ల మొదటి లెక్కలో తేలడం అరుదు. 2023 మార్చిలో 21 మంది పోటీలో బీజేపీ బలపరిచిన ఏవీఎన్ రెడ్డి తొలగింపులన్నీ దాటుకునే గెలిచారు.

కల్వకుర్తిలో 2014లో ప్రాధాన్య ఓటు ఉండుంటే ఆచారి గెలిచేవారా?

ఎవరూ చెప్పలేరు. చెబుతున్నవాళ్లను నమ్మకండి. జనం అంకెలు వేసే పద్ధతైతే ప్రచారం కూడా వేరేగా ఉంటుంది, పోటీకి దిగేవాళ్లూ మారతారు.

ఒక్కటి మాత్రం చెప్పవచ్చు: మూడు పద్ధతులూ మూడు దారులు. ఉన్న పద్ధతిలో వంశీచంద్ గెలిచారు. రెండో విడత ఉంటే పోటీ వంశీచంద్, ఆచారిల మధ్యే. జైపాల్ యాదవ్, కసిరెడ్డి ఇంటికి. ప్రాధాన్య ఓటులో అలా కాదు. ఈ నలుగురిలో నాలుగో స్థానంలోని కసిరెడ్డి ముందు తొలగుతారు. ఆయనవి ఇరవై నాలుగు వేలకు పైగా ఓట్లు. అందులో పెద్ద భాగం మూడో స్థానంలోని జైపాల్ యాదవ్‌కు చేరితే ఆయన ఒక్కసారిగా మొదటి స్థానానికి ఎగబాకే వీలుంది. రెండో విడత ఎన్నటికీ చూపించలేని మూడో పేరు అప్పుడు బరిలో నిలుస్తుంది. నన్నడిగితే రెండింటి మధ్య ప్రధానమైన తేడా ఖర్చు కాదు, ఇదే: రెండో విడత మూడోవాణ్ని మొదటిరోజే పంపేస్తుంది, ప్రాధాన్య ఓటు అతనికి లేచి నిలబడే అవకాశం ఇస్తుంది.

అయితే ఇదే అన్నిటికంటే మంచిదా?

అంత తేలిగ్గా అనలేను. అందరికీ రెండో ఇష్టంగా ఉండే మధ్యస్థుడు మొదటి ప్రాధాన్యాలు తక్కువై ముందే తొలగిపోవచ్చు. 2022 ఆగస్టులో అమెరికాలోని అలాస్కా ఉప ఎన్నికలో అదే జరిగింది. మూడో స్థానంలో నిలిచి తొలగిపోయిన బెగిచ్ అనే అభ్యర్థి, మిగిలిన ఇద్దరితో ఒక్కొక్కరిగా తలపడితే ఇద్దరినీ ఓడించేవాడని ఆ బ్యాలెట్లే చూపించాయి. గెలిచింది మేరీ పెల్టోలా.

మన దగ్గర ఇంకో చిక్కు. కాగితాలన్నీ ఒకచోటికి చేరితే గానీ ఎవరిని తొలగించాలో తెలియదు. బూత్‌లో లెక్కపెట్టి ఊరికి చెప్పే పని కాదు. ఎమ్మెల్యే ఎన్నికలకు దీన్ని తేవాలంటే చట్టం మారాలి, యంత్రాలు మారాలి, అన్నిటికంటే ముందు నూటికి ఆరు చెల్లని ఓట్లన్న ఆ లెక్క తగ్గాలి. పట్టభద్రుల్లోనే ఇంత వృథా అవుతుంటే రేపు ప్రతి తండాకూ, పెంటకూ ఈ కాగితం పంపమని నేను అడగను. ఉన్నచోట మాత్రం పూర్తిగా వాడుకోవాలని అడుగుతాను.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉన్నాడు, అక్కడ అన్ని గడులూ నింపాలంటున్నాడు. నిజమేనా?

నిజమే. ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ ఎన్నికల్లో 1918 నుంచి ప్రాధాన్య ఓటే. అక్కడ ప్రతి అభ్యర్థికీ అంకె వేయాల్సిందే, లేకపోతే ఓటు చెల్లదు. అందువల్ల సరూర్‌నగర్‌లో యాభై వేల కాగితాలు ఆగిపోయినట్టు అక్కడ ఆగవు. న్యూయార్క్ నగరంలో 2021 నుంచి పార్టీల ప్రాథమిక ఎన్నికల్లో అయిదుగురి దాకా వరుస ఇవ్వవచ్చు. 93 మంది ఉన్న మన కాగితానికి ఆస్ట్రేలియా నిబంధన పెడితే చెల్లని ఓట్లు ఎన్నవుతాయో ఊహించుకోండి.

ఇద్దరికీ సమానంగా వస్తే?

మామూలు ఎన్నికలో గెలుపు దగ్గర సమానమైతే లాటరీ. ప్రాధాన్య ఓటులో తొలగించాల్సిన చోట ఇద్దరు సమానమైతే, మొదటి ప్రాధాన్యాలు ఎవరికి తక్కువో వారు పోతారు. అవీ సమానమైతే అక్కడా లాటరీయే.

2021లో ఓటు వేశాను. జాబితాలో పేరుంది. మళ్లీ నమోదు చేసుకోవాలా?

చేసుకోవాలి. ఇదే చాలామంది ఓటు పోగొడుతోంది. పట్టభద్రుల, ఉపాధ్యాయుల జాబితాలను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు, పాత పేర్లు వాటంతట అవి రావు. ఎమ్మెల్యే ఓటరు జాబితాలో పేరున్నా దీనికి పనికిరాదు. పట్టభద్రులకు ఫారం 18, ఉపాధ్యాయులకు ఫారం 19. అర్హతకు ప్రామాణిక తేదీ నవంబరు 1. ఆనాటికి డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. మూడేళ్లను ఫలితాలు ప్రకటించిన తేదీ నుంచి లెక్కిస్తారు. ఉపాధ్యాయులైతే గత ఆరేళ్లలో మొత్తం మూడేళ్లు, ఉన్నత పాఠశాలకు తగ్గని సంస్థలో బోధించి ఉండాలి.

2021లో ఎన్నికైన పట్టభద్రుల సభ్యురాలి పదవీకాలం 2027 మార్చితో ముగుస్తుంది. అంటే జాబితా పని అంతకుముందటి అక్టోబరులో నోటీసుతో మొదలై, దరఖాస్తులు నవంబరు మొదటి వారం దాకా తీసుకోవడం రివాజు. డిగ్రీ పట్టా లేదా ప్రొవిజనల్ నకలు మీద గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ముందే పెట్టించుకుని ఉంచుకోండి, చివరి వారంలో ఆ సంతకం కోసం తిరగడమే పెద్ద పని.